అడుసులో ఐదు చుట్లు

సైక్లోక్రాస్ అనే సైకిలు పందెం ముందురోజు సాయంత్రం మా నాన్నను వెంటబెట్టుకొని పందెపు దారి మొత్తం ఒకసారి నడిచి చూశాను. అంతకు ముందు మూడు రోజులుగా ఈశాన్య రుతుపవనాల వాన ఆగి ఆగి పడుతూనే ఉండటంతో, చంద్రగిరికి పడమట ఉన్న ఆ పల్లె పొలాలన్నీ నీళ్ళు తాగి బరువెక్కి ఉన్నాయి. ఉత్తరాన శేషాచలం కొండల నడుము దాకా మబ్బు దిగి ఉంది. దారి పొడవు 1.6 కిలోమీటర్లు. అది ఒక మామిడితోపులో మొదలై, కోత అయిపోయిన నాలుగు వరికయ్యల మీదుగా సాగి, ఎప్పుడో గండి పడి పూడిపోయిన ఒక కుంటలోకి దిగి, ఆ కుంట పాత కట్టను ఎక్కి, కట్ట వాలు వెంబడి కొంత దూరం పక్కవాటంగా పోయి, తిరిగి తోపులోకి చేరుతుంది. నలభై ఏళ్ళు వరి, చెరకు, చెనక్కాయ పండించిన నాన్న చెప్పులు చేతిలో పట్టుకొని, కొంత దూరానికొకసారి ఆగి మడమతో నేలను అదిమి, అది లోపలికి ఎంత దిగుతుందో, తిరిగి పైకి తీసేటప్పుడు ఎంత పట్టుకుంటుందో చూస్తూ నడిచారు. కుంట మధ్యకు వచ్చాక నిలబడి, నా వైపు తిరిగారు.

“మేయ్, నీళ్ళు నిలిచిన కాడ నీకు భయం లేదు. ఆరతా ఉండే కాడే కాలు పట్టుకుంటాది. రేపు ఎండ కాసిందంటే ఈ కుంట గంటకొక తీరుగా మారిపోతాది, చూసుకో.”

ఆ మాట ఆ సాయంత్రమే విన్నాను గాని, అది నాకు అర్థం కావడానికి మరునాడు రెండో చుట్టు దాకా పట్టింది.

సైక్లోక్రాస్ పేరు విననివారికి ముందుగా ఆ ఆట ఏమిటో చెప్పాలి. అది తారురోడ్డు మీద జరిగే సైకిలు పందెం కాదు, కొండల్లో జరిగే మౌంటెన్ బైకు పందెమూ కాదు. గడ్డి, మట్టి, ఇసుక, బురద, నిట్టనిలువు గట్లు అన్నీ కలిసి వచ్చేలా గీసిన ఒక చిన్న చుట్టుదారిలో, వంపు హ్యాండిలు ఉన్న తేలికపాటి సైకిలుతో, నిర్ణయించిన సమయం ముగిసేదాకా తిరగాలి. తొక్కడం సాధ్యం కాని చోట దిగి, సైకిలును భుజానికెత్తుకొని పరిగెత్తాలి. దిగడం, ఎక్కడం ఈ ఆటలో తొక్కడమంత ముఖ్యమైన విద్యలు. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య నియమాల ప్రకారం చుట్టు పొడవు రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల మధ్య ఉండాలి, దారి వెడల్పు మూడు మీటర్లకు తగ్గకూడదు, టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. దారికి అడ్డంగా జంటగా పెట్టే పలకలు 40 సెంటీమీటర్ల ఎత్తుకు మించకూడదు, ఆ రెండింటి మధ్య నాలుగు మీటర్ల దూరం ఉండాలి. మాకు దొరికిన నేలలో అంత పొడవైన చుట్టు కుదరలేదు గాని, పలకల విషయంలో మాత్రం ఆ కొలతలనే పాటించాము. నీలగిరి కట్టెలు పాతి, వాటికి రెండు పలకలు కొట్టించారు.

నడుస్తూ నడుస్తూ నాన్న “దీన్ని ఎవురు కనిపెట్టినారు?” అని అడిగారు. ఫ్రాన్సు దేశంలో చలికాలంలో రోడ్డు పందేలు ఆగిపోయినప్పుడు, కాళ్ళ పటుత్వం పోకుండా ఉండేందుకు సైకిలు వీరులు పొలాలకు అడ్డంపడి, కంచెలు దాటి ఊరి నుంచి ఊరికి పోయేవారని, డానియెల్ గూసో అనే సైనికుడు 1902లో అక్కడ తొలి జాతీయ పోటీ ఏర్పాటు చేశాడని చెబుతారని చెప్పాను. 1910లో టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం గెలిచిన ఆక్టావ్ లపీజ్ తన విజయంలో ఈ బురద సాధనకు పాలు ఉందని చెప్పిన తరువాత ఆటకు పేరు వచ్చిందనీ, 1950లో పారిస్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగిందనీ, ఆడవారికి ప్రపంచ పోటీ పెట్టడానికి మాత్రం 2000 వరకు ఆగవలసి వచ్చిందనీ చెప్పాను. నాన్న అన్నిటినీ శ్రద్ధగా విని, “అయితే పైరు లేని కాలంలో ఆడే ఆట” అన్నారు. అది సరిగ్గా నిజం. ఐరోపాలో ఈ పందేలు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎక్కువగా కోత ముగిసిన పొలాల్లోనూ పచ్చిక బయళ్ళలోనూ జరుగుతాయి. మా పందెం కూడా వరి కోసిన తరువాత, చెనక్కాయ విత్తడానికి ముందు ఉన్న ఆ కొద్ది రోజుల విరామంలోనే కుదిరింది. ఎట్లాగూ దున్నే నేలే కదా అని ఆ రైతు ఒప్పుకున్నారు గాని, విత్తనం పడిన తరువాత అడిగి ఉంటే ఒప్పుకొనేవారు కాదు, అడగడమూ తప్పే.

నేను తిరుపతిలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నాకు నలభై రెండేళ్ళు. ఆదివారాల్లో కల్యాణి డ్యామ్ దాకా సైకిలు తొక్కి రావడం ఏడేళ్ళుగా నాకున్న అలవాటు. ఈ పందేన్ని తలపెట్టినవాడు ఒకప్పటి నా విద్యార్థి. నెదర్లాండ్స్‌లో రెండేళ్ళు చదువుకొని, అక్కడ శని, ఆదివారాల్లో ఈ ఆట నేర్చుకొని, ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాడు. తరగతిలో మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడు నాకు సైకిలు దిగడం నేర్పడానికి పూనుకున్నప్పుడు మొదట ఇద్దరికీ కొంత బిడియం ఉండేది. రెండో వారానికి అది పోయింది. “మేడమ్, మీరు బ్రేకు పట్టి ఆపి దిగుతున్నారు. ఆగకుండా దిగాలి” అని అతడు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు.

ఆగకుండా దిగడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆరు వారాల సాధనలో సగం దానికే పోయింది. అడ్డంకికి ఏడెనిమిది మీటర్ల దూరంలో పెడలుకు కొక్కెంలా బిగిసి ఉండే కుడి బూటును విడిపించి, కుడికాలిని, సీటు వెనుక నుంచి ఎడమవైపుకు తిప్పి తేవాలి. అప్పుడు మనిషి మొత్తం బరువు ఎడమ పెడలు మీద ఒంటికాలిపై నిలబడుతుంది, సైకిలు మాత్రం అదే వేగంతో పోతూ ఉంటుంది. ఎడమచేయి హ్యాండిలు మీద ఉంచి, కుడిచేతితో సైకిలు పైకమ్మీని పట్టుకొని, కుడికాలు నేలకు తాకే క్షణంలో ఎడమకాలిని విడిపించాలి. మొదటి అడుగే పరుగుగా పడాలి. విడిపించడం ఒక్క క్షణం ఆలస్యమైనా ఎడమ బూటు పెడలులో ఇరుక్కుపోయి మనిషి ముందుకు పడిపోతుంది. నేను నాలుగుసార్లు పడ్డాను. ఎక్కడం ఇంతకంటే కష్టం. పరిగెత్తుతూ ఎడమకాలితో నేలను తన్ని, కుడితొడ లోపలి భాగం సీటు మీద ఆనేలా దూకి, అక్కడి నుంచి జారి సీటులో సర్దుకోవాలి. భయం వల్ల దూకడానికి ముందు చాలామంది చిన్న గెంతు ఒకటి అదనంగా వేస్తారు. ఆ గెంతుతో వేగం అంతా పోతుంది. నాకు ఆ గెంతు మానడానికి ఇరవై రోజులు పట్టింది. కుడితొడ మీద అరచేయంత కమిలిన నల్లటి మచ్చ నెల రోజులు ఉండిపోయింది.

ఇసుకలో తొక్కడం కోసం రెండు ఆదివారాలు తొండవాడ దగ్గర ముక్కోటి అనే చోటికి పోయాము. స్వర్ణముఖి ఇసుకలో నేర్చుకున్నది ఒక్కటే: చూపు ముందు చక్రం మీద కాకుండా పది మీటర్ల ముందుకు ఉండాలి, హ్యాండిలును బిగించి పట్టకూడదు, బరువు కాస్త వెనక్కి వేసి తొక్కుడు ఆపకూడదు. బురదకు కూడా ఇది పనికొస్తుందని అనుకున్నాను, సగమే పనికొచ్చింది.

టైర్ల సంగతి నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నా సైకిలుకు అంతకుముందు 38 మిల్లీమీటర్ల టైర్లు ఉండేవి. వెడల్పు టైరు బురదలో తక్కువ దిగబడుతుందని నేను వాదించాను. నా శిష్యుడు ఒప్పుకోలేదు. పలుచని బురద కింద గట్టినేల ఉన్నప్పుడు సన్నటి టైరు బురదను కోసుకుంటూ కిందికి దిగి ఆ గట్టినేలను అందుకుంటుందనీ, అంతకంటే ముఖ్యంగా, టైరుకూ ఫ్రేముకూ మధ్య ఉన్న సందు మూసుకుపోతే ఎంత మంచి టైరైనా చక్రం తిరగదనీ అతడు చెప్పాడు. 33కు మారితే అయిదు మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే పక్కకు రెండున్నర. అది చాలా స్వల్పమని నాకు అనిపించింది గాని, ఆ రెండున్నర మిల్లీమీటర్ల విలువ పందెం రోజు తెలిసింది. విడివిడిగా, ఎత్తుగా ఉన్న గుబ్బల టైర్లను తెప్పించి, ట్యూబు లేకుండా లోపల చిల్లులను పూడ్చే సీలెంటు ద్రవం పోసి బిగించాము. ట్యూబు ఉంటే గాలి తగ్గించినప్పుడు రాయికీ రిమ్ముకూ మధ్య అది నలిగి చిరుగుతుంది. ట్యూబు లేనప్పుడు ఆ బెడద ఉండదు.

గాలి ఎంత తగ్గించాలన్నది నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. నా బరువు 57 కిలోలు, సైకిలు పదిన్నర. మొత్తంలో దాదాపు అరవై శాతం వెనుక చక్రం మీద పడుతుంది, అంటే నలభై కిలోల పైచిలుకు. టైరులో గాలి ఒత్తిడి, చదరపు అంగుళానికి పౌన్లలో చెప్పే లెక్కన, 40 పీఎస్‌ఐ ఉంటే ఆ బరువును మోయడానికి సుమారు 14 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలకు ఆనితే చాలు. 24కు తగ్గిస్తే సుమారు 24 చదరపు సెంటీమీటర్లు ఆనాలి. టైరు గోడల బిగువును ఈ లెక్కలో వదిలేశాను కాబట్టి ఇది కచ్చితమైనది కాదు గాని, ఎందుకు తగ్గించాలో చెప్పడానికి చాలు: ఎక్కువ గుబ్బలు నేలను పట్టుకుంటాయి, బరువు పరచుకుంటుంది. అయితే మరీ తగ్గిస్తే ఏమవుతుందో కూడా చూశాను. సాధనలో ఒకరోజు 18 పెట్టి తొక్కితే, తోపులో ఎర్రమట్టి కింద దాగి ఉన్న పలుగురాయి వెనుక రిమ్ముకు ఠంగుమని తగిలింది. టైరు అంచు నుంచి గాలి బుస్సుమని పోయి, రిమ్ము కొద్దిగా నొక్కుకుంది. ముందు 22, వెనుక 24 దగ్గర స్థిరపడ్డాను.

మరొక పని నాన్న సలహాతో జరిగింది. బురద అంటుకోకుండా ఫ్రేముకు వంటనూనె చల్లడం బయటి దేశాల్లో మామూలే. మా ఇంట్లో ఉన్నది గానుగాడించిన చెనక్కాయ నూనె. దానిలో గుడ్డ ముంచి కింది కమ్మీకీ, పెడళ్ళకూ, బూట్ల అడుగులకూ, వెనుక ఫోర్కు లోపలి పక్కలకూ పట్టించాము. డిస్కు బ్రేకుల మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదని రెండు డిస్కులకూ ముందే ప్లాస్టిక్ సంచులు కట్టాను. నూనె తాకిన బ్రేకు ప్యాడ్లు ఇక పట్టవు.

ఆదివారం తెల్లవారుజామున మరొక జల్లు పడి, ఏడు గంటలకల్లా ఎండ వచ్చింది. మొదట కొత్తవారి పందెం, తరువాత యువకుల పందెం జరిగి, మా వంతు వచ్చేసరికి తొమ్మిదయింది. తొమ్మిది మంది ఆడవాళ్ళమూ, నలభై ఏళ్ళు దాటిన పది మంది మగవాళ్ళూ ఒకేసారి బయలుదేరేలా, ఫలితాలు వేరువేరుగా చూసేలా ఏర్పాటు చేశారు. సమయం 40 నిమిషాలు. ఎన్ని చుట్లన్నది ముందే చెప్పరు. మొదటి చుట్లకు పట్టిన సమయాన్ని బట్టి లెక్కగట్టి బోర్డు మీద రాస్తారు. పెద్ద పోటీల్లో ప్రతి ఒక్కరికీ రెండు మూడు సైకిళ్ళుంటాయి. బురద నిండినదాన్ని ఇచ్చి కడిగినదాన్ని తీసుకొనే చోటు ఒకటి దారి పక్కన ఉంటుంది. మాకు తలా ఒకటే సైకిలు. అందుకని తోపు అంచున బోరు మోటారు దగ్గర అందరి తరఫునా ఎవరో ఒకరు నిలబడ్డారు. నా తరఫున నాన్న, ఒక చేతిలో వెదురుబద్ద, మరొక చేతిలో నీళ్ళ మగ్గుతో నిలబడ్డారు.

మొదటి చుట్టు నాకు చాలా బాగా సాగింది. తోపులోని ఎర్ర గరపనేల నీళ్ళను ఎప్పటికప్పుడు ఇంకించుకొనే రకం కాబట్టి అక్కడ బురద పైపైనే ఉంది. టైరు గుబ్బలు కింది ఇసుకను పట్టుకొని, రోడ్డు మీద పోయినంత సుఖంగా పోయాను. పలకల దగ్గర దిగి, రెండూ దాటి, అదనపు గెంతు లేకుండా ఎక్కాను. కయ్యల్లో వరిమోళ్ళు చక్రానికి పట్టు ఇచ్చాయి. కయ్యల మధ్య ఉండే గెనిమల మీద మాత్రం ముందు చక్రాన్ని ఎత్తి దాటవలసి వచ్చింది. కుంటలోకి దిగేసరికి అక్కడ నీళ్ళు మీగడలా తేలి ఉన్నాయి. చక్రాలు అరచేయి లోతు దిగాయి గాని, ఆ పలుచని అడుసు పక్కలకు విడిపోయి దారి ఇచ్చింది. చిన్న గేరులో ఆగకుండా తొక్కి అవతలికి చేరాను. నా ముందు ఇద్దరే ఆడవాళ్ళున్నారు. కుంట కట్ట ఎక్కడం ఎవరికైనా పరుగే. కుడిచేతిని ఫ్రేము కిందుగా పోనిచ్చి హ్యాండిలు ఎడమ కొమ్మును పట్టుకొని, పైకమ్మీని భుజాన వేసుకొని, బూట్ల ముందు బిగించిన స్పైకులు నేలలో గుచ్చుకొనేలా ముందరి పాదాల మీద ఎక్కాను. కట్ట వాలు మీద పక్కవాటంగా పోయేచోట కిందివైపు పెడలును పైకి ఉంచి, పైవైపు పెడలు మీద బరువు మోపుదామని ప్రయత్నించి జారాను. బరువు కిందివైపు పెడలు మీద ఉంటేనే టైరు అంచులు నేలలోకి దిగుతాయని తరువాతి చుట్టులో గుర్తుంచుకున్నాను.

రెండో చుట్టులో కుంట దగ్గరికి వచ్చేసరికి నా ముందున్న ఇద్దరిలో ఒకరిని అందుకొనే దూరంలో ఉన్నాను. కుంట మునుపటిలాగే కనిపించింది. అందుకే మునుపటిలాగే తొక్కుతూ దిగాను. పదిహేను మీటర్లు పోయానో లేదో, ఎవరో వెనుక నుంచి పట్టి లాగినట్టు సైకిలు బిగుసుకుంది. అంతకు ముందరి రెండు పందేల చక్రాలు, మా మొదటి చుట్టు చక్రాలు కలిసి ఆ మట్టిని పిసికి పిసికి, పైన తేలిన నీళ్ళను పక్కలకు తోసేశాయి. మిగిలినదాన్ని రెండు గంటల ఎండ గట్టిపరుస్తోంది. పిండి కలిపేటప్పుడు నీళ్ళు ఎక్కువైతే జారుతుంది, సరిపోతే చేతికి అంటుకుంటుంది; కుంట అడుగున ఉన్న బంకమట్టి ఆ అంటుకొనే దశకు వచ్చింది. టైరు మీదికి పొరలు పొరలుగా ఎక్కిన మట్టి ఫోర్కు సందులో నిండి, చక్రం తిరగడం దాదాపు ఆగిపోయింది. అప్పటికీ నేను దిగలేదు. దిగితే ఓడినట్టని లోపల ఎక్కడో అనుకుంటూ ఉన్నాను. పెడళ్ళ మీద నిలబడి మొత్తం బలంతో తొక్కాను, రెండు మీటర్లు కదిలాను, పక్కకు ఒరిగి మోచేతుల దాకా అడుసులో పడ్డాను. ముగ్గురు నన్ను దాటిపోయారు. వారిలో నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన ఒక అమ్మాయి, సైకిలు భుజాన వేసుకొని పరిగెత్తుతూ, “అక్కా, దెబ్బ తగల్లేదు కదా?” అని అడిగి మరీ పోయింది.

గట్టు మీద నుంచి నాన్న గొంతు వినిపించింది. “దిగు మేయ్! దిగి ఎత్తుకో! దాన్ని తోసుకుంటా రావద్దు!”

తోసుకుంటూ రావద్దన్న మాటలో పెద్ద విషయం ఉంది. చక్రాలను బంకమట్టిలో తోసుకుంటూ నడిస్తే ప్రతి అడుగుకూ మరింత మట్టి ఎక్కుతుంది, ఎత్తుకుంటే ఎక్కదు. మడిలో మడకను మలుపు తిప్పేటప్పుడు ఈడ్చకుండా ఎత్తి తిప్పడం నాన్నకు చేతిలో ఉన్న విద్య. నేను సైకిలును భుజానికెత్తుకొని, జారకుండా పాదాన్ని పైకెత్తి నిటారుగా దించుతూ కట్ట దాకా పోయి, అక్కడ వేళ్ళతో ఫోర్కు సందులోని మట్టిని తోడి, మళ్ళీ ఎక్కాను. మా అక్క కొడుకు ఫోనులో తీసిన వీడియో తరువాత చూస్తే, మొదటి చుట్టులో ఆ కుంట దాటడానికి నాకు 28 సెకన్లు పట్టింది, రెండో చుట్టులో పడి లేచినదంతా కలిపి 75.

మూడో చుట్టులో తోపు అంచున ఆగాను. నాన్న వెదురుబద్దతో ఫోర్కు సందులనూ, బ్రేకుల చుట్టూనూ గీకారు. నేను పెడళ్ళ మీద నీళ్ళు పోసి, బూట్ల అడుగున పెడలుకు బిగిసే కొక్కేల్లో (క్లీట్లలో) ఇరికిన మట్టిని గట్టుకు రాసి వదిలించాను. పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లు పోగొట్టుకోవడానికి నాకు మొదట మనసొప్పలేదు గాని, తిరగని చక్రంతో మిగిలిన చుట్టంతా పోవడం కంటే అది చౌక. ఈసారి కుంట రాకముందే, గట్టినేల మీద వేగం ఉండగానే దిగి, ఎత్తుకొని పరిగెత్తాను: 34 సెకన్లు. నన్ను దాటిపోయిన ముగ్గురిలో ఒకరు, మధ్యవయసు మగమనిషి, నేను చేసిన తప్పే చేసి అక్కడ నిలబడి ఉన్నారు.

అయితే దిగడమే ఎప్పుడూ సరైనదని నేను అనుకోవడం కూడా తప్పని నాలుగో చుట్టులో తెలిసింది. కుంటకు ముందున్న చివరి కయ్యలో, గెనిమ పక్కన మడవ నీళ్ళు పారుతూ సన్నటి కాలువలాంటిది ఒకటి ఏర్పడి ఉంది. అందరూ ఆ నీళ్ళను తప్పించుకొని పక్కనున్న ఎత్తైన నేల మీదుగా పోతున్నారు, అక్కడ మట్టి నలిగి జిగటైపోయింది. నీళ్ళు నిలిచిన కాడ భయం లేదన్న మాట గుర్తొచ్చి, నేను ఆ నీళ్ళలోకే దించాను. చక్రాలు నీళ్ళలో మునిగి, అడుగున గట్టి ఇసుకను తాకి, శుభ్రంగా తిరిగాయి. పైగా అప్పటిదాకా పట్టిన మట్టి కూడా కడుక్కుపోయింది. ఆ ముప్పై మీటర్లలోనే ఒక ఆడమనిషిని దాటాను. పందెం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన క్షణాలు అవి.

ఆ వెంటనే వెనుక గేరు దగ్గర కరకరమని శబ్దం వచ్చింది. వరిగడ్డి, మట్టి కలిసి తాడులా పేనుకొని గేరు మార్చే చిన్న చక్రాల మధ్య చుట్టుకుంది. శిష్యుడు ముందే హెచ్చరించి ఉన్నాడు: “ఆ శబ్దం వస్తే ఒక్క తొక్కు కూడా గట్టిగా తొక్కొద్దు మేడమ్, గేరు విరిగి చక్రంలోకి పోతుంది.” దిగి, గడ్డిని వేలికి చుట్టుకొని లాగేశాను. అంతకుముందు యువకుల పందెంలో ఒకరికి సరిగ్గా అలాగే గేరు విరిగి, సైకిలును మోసుకుంటూ బయటికి రావలసి వచ్చింది.

అయిదో చుట్టు మొదట్లో, పల్లెలోని భజన గుడి నుంచి తెచ్చిన చేగంట మోగించారు. అదే చివరి చుట్టని అర్థం. అప్పటికి భుజం మీద కమ్మీ ఒరుసుకొని చర్మం లేచిపోయింది, కాళ్ళలో పిక్కలు రాళ్ళలా ఉన్నాయి. ఆ చుట్టు గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. కుంటలో దిగి పరిగెత్తాను, నీళ్ళలో తొక్కాను, కట్ట వాలు మీద జారలేదు. తొమ్మిది మందిలో నాలుగోదానిగా, 43 నిమిషాలకు కొద్దిగా ముందు గీత దాటాను. మొదటి స్థానం పొందిన అమ్మాయి కంటే దాదాపు నాలుగు నిమిషాలు వెనుక. రెండో చుట్టులో కుంటలో పోగొట్టుకొన్న సమయం పోకుండా ఉంటే మూడో స్థానం దక్కేదేమోనని ఆ రోజంతా అనుకున్నాను. అనుకోవడం తప్పు కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. అంత మనసు పెట్టకపోతే ఇంత బురదలో దిగడమెందుకు?

పందెం ముగియగానే, ఒక్క చుక్క నీరు తగలకముందే సైకిలును వడ్లు తూచే కాటాకు వేలాడదీసి చూశాము. పొద్దున పదిన్నర కిలోలున్నది పధ్నాలుగుకు పైగా తూగింది. నూనె రాసిన చోట్ల మట్టి పెళ్ళలుగా ఊడివచ్చింది, రాయని చోట్ల గోటితో గీకవలసి వచ్చింది.

ఆ తరువాతి వారం మా కళాశాలకు వచ్చిన సివిల్ ఇంజనీరింగ్ మిత్రురాలితో నాన్న మాట గురించి చెప్పినప్పుడు, ఆమె మట్టి శాస్త్రంలో దానికి పేర్లున్నాయని చెప్పారు. అటర్‌బర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1911లో, బంకమట్టిలో నీటి పాలు తగ్గుతూ వచ్చేకొద్దీ అది పారే స్థితి నుంచి పిసికితే రూపం నిలిచే స్థితికీ, ఆ తరువాత పొడిబారి విరిగే స్థితికీ మారే హద్దులను నిర్ణయించాడు. ఆ హద్దులను ఇంజనీర్లు నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు. రెండో చుట్టులో నేను ఆ మొదటి హద్దు మీద నిలబడి ఉన్నానన్నమాట. నేను ఆ సాయంత్రమే నాన్నకు ఫోను చేసి చెప్పాను. ఆయన సంతోషించి, ఆ హద్దులను వాళ్ళు ఎట్లా కొలుస్తారని అడిగారు. తడిమట్టిని అరచేతితో దారంలా పేని, మూడు మిల్లీమీటర్ల మందం దగ్గర అది విరిగితే రెండో హద్దు వచ్చినట్టని చెప్పాను. “విత్తు పదును చూసేటప్పుడు మేమూ పిడికిట్లో పట్టి చూస్తాం కదమ్మా” అన్నారు.

సైకిలు కడగడం కంటే దాన్ని విప్పి చూడటం ముఖ్యం. పెడళ్ళ మధ్య ఇరుసులోకి సన్నటి ఎర్రనీళ్ళు దిగి గ్రీసుతో కలిసిపోయి ఉన్నాయి. మొత్తం విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీసు నింపాను. చెయిను పనికొచ్చింది. బ్రేకు ప్యాడ్లు మాత్రం పందెం ముందు సగానికి పైగా ఉన్నవి, నలభై నిమిషాల్లో కింది ఇనుపరేకు కనిపించేదాకా అరిగిపోయాయి. మన ఎర్రమట్టిలో పలుగురాతి ఇసుక కలిసి ఉంటుంది కాబట్టి తడిసినప్పుడు అది డిస్కుకూ ప్యాడుకూ మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఇక మీదట బురద పందేనికి కొత్త ప్యాడ్లు వేసుకొని పోవడమే కాక, ఒక జత సంచిలో కూడా పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. సంక్రాంతి తరువాత స్వర్ణముఖి ఇసుకలో మరొక పందెం పెడదామని శిష్యుడు అంటున్నాడు. ఆ రైతు తన కయ్యల్లో చెనక్కాయ విత్తారు. మొన్న పోయి చూస్తే మొలకలు వరుసగా లేచి ఉన్నాయి, మా చక్రాల జాడ ఎక్కడా లేదు.